సిగార్ ధరలో ఆకు ఎంత?

2022లో క్యూబా సిగార్ల అమ్మకమంతా చేతిలో ఉన్న హబానోస్ సంస్థ ఒక నిర్ణయం తీసుకుంది. కొహీబా, త్రినిదాద్ అనే తన రెండు ఖరీదైన బ్రాండ్లు ప్రపంచంలో ఎక్కడైనా ఒకే స్థాయి ధరకు అమ్ముడుపోవాలంది. ఆ స్థాయికి హాంకాంగ్ మార్కెట్‌ను కొలబద్దగా పెట్టుకుంది. అక్కడ ధరలు ముందునుంచీ ఎక్కువే. దాంతో యూరప్‌లో చాలాచోట్ల ఆ సిగార్ల ధర ఒక్కసారిగా రెట్టింపు దాటింది. పొలం మారలేదు, ఆకు మారలేదు, చుట్టే చేయీ మారలేదు. మారింది ధర చీటీ ఒక్కటే.

అలాంటప్పుడు సిగార్ ధర దేన్ని కొలుస్తున్నట్టు? పది రెట్లు ఎక్కువ పెట్టి కొన్నదానిలో పది రెట్ల మంచి ఆకు ఉంటుందా? గోదావరి లంకల్లో చుట్ట పొగాకును తరతరాలుగా పండించిన మనకు ఇది పరాయి ప్రశ్న కాదు. అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చే బంధువుల సామానులో సిగార్ పెట్టెలూ కనిపిస్తున్న రోజులివి. ఒక సిగార్‌ను నిలువునా కోసి, దాని ఖరీదు ఏయే పొరల్లో దాగుందో చూస్తే జవాబు దొరుకుతుంది.

కోస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. కంటికి ఇంపుగా నిగనిగలాడే పైఆకు, దాని కింద అన్నిటినీ పట్టి ఉంచే కట్టుఆకు, లోపల నింపిన ఆకులు. నింపే ఆకుల్లోనే అసలు పనితనం ఉంది. ఒకే మొక్క మీద పై ఆకుకూ కింది ఆకుకూ గుణం వేరు. పైన ఎండంతా తాగిన ఆకు మందంగా, జిడ్డుగా, ఘాటుగా ఉంటుంది. క్యూబావాళ్లు దాన్ని లిహేరో అంటారు. నడుమ ఉండేది సెకో, వాసన దానిది. అడుగున ఉండే వొలాదోకు ఘాటు తక్కువ, కానీ చక్కగా మండుతుంది. ఈ మూడింటి పాళ్లు కలపడాన్ని బట్టే రుచి.

చుట్టే మనిషి బల్ల దగ్గర నిలబడి చూస్తే ఈ పాళ్లు ఎలా కుదురుతాయో తెలుస్తుంది. ముందు ఆకుల ఈనె తీసేస్తారు. ఒక్కో ఆకును మడతలు మడతలుగా ముడిచి, గాలి పోవడానికి సందు ఉండేలా అరచేతిలో పక్కపక్కన పేరుస్తారు. నెమ్మదిగా మండే లిహేరోను సరిగ్గా మధ్యలో పెడతారు. అది పక్కకు జరిగితే సిగార్ ఒకవైపే కాలుతూ పోతుంది. ఆ పట్టెడు ఆకులను కట్టుఆకులో చుట్టి, కొయ్య అచ్చులో పెట్టి బిగిస్తారు. తర్వాత చవేతా అనే వంపు కత్తితో పైఆకును పట్టీలా కోసి, చివరినుంచి ఏటవాలుగా చుట్టుకుంటూ వచ్చి, కొసన చిటికెడు జిగురుతో చిన్న టోపీ అంటిస్తారు. ఆకును ఈనె వెంట రెండుగా చీలుస్తారు కాబట్టి ఎడమ సగాన్ని ఒకవైపు, కుడి సగాన్ని రెండోవైపు తిప్పి చుట్టాలి. ఈనెల వాలు అప్పుడే కుదురుతుంది. ఈ నేర్పుకు ఏళ్లు పడతాయి. దానికిచ్చే కూలి ధరలో న్యాయమైన భాగమే.

ఇక పైఆకు సంగతి. బరువులో అది చాలా తక్కువ, ఖరీదులో చాలా ఎక్కువ. చిల్లు ఉండకూడదు, మచ్చ ఉండకూడదు, ఈనెలు లావుగా కనిపించకూడదు. ఎండ నేరుగా తగిలితే ఆకు మందమెక్కుతుంది. అందుకని అమెరికాలోని కనెక్టికట్ లోయలో చేలమీద పలుచని గుడ్డ పందిళ్లు వేసి పెంచుతారు. ఈక్వడార్‌లో మబ్బులే ఆ పని చేసిపెడతాయి. ఇంత శ్రమపడి పండించిన ఆకులను మళ్లీ రంగు ఛాయలవారీగా వేరుచేస్తారు. పెట్టె మూత తెరిస్తే సిగార్లన్నీ ఒకే రంగులో మెరవాలి మరి. ఆ వరుసలో ఇమడనివి, పైఆకు మీద చిన్న మచ్చ ఉన్నవి పక్కకు పోతాయి. లోపలి ఆకు అదే, చుట్టిన చేయి అదే. వాటిని చాలా కర్మాగారాలు బ్రాండు పట్టీ లేకుండా, చెక్కపెట్టె లేకుండా, పాతికో ఇరవయ్యో కట్టగట్టి తక్కువ ధరకు అమ్ముతాయి. తక్కువ ఖర్చులో మంచి సిగార్ దొరికే మొదటి చోటు ఇదే. అందానికి కట్టే సొమ్ము ఇక్కడ మిగులుతుంది.

డబ్బు పెట్టదగిన చోటూ ఒకటుంది. అది కాలం. కోసిన ఆకును కొట్టంలో కర్రలకు వేలాడదీసి, నిప్పు తగలనివ్వకుండా నెలన్నర రెండు నెలలు ఆరనిస్తారు. ఈ దశలో ఆకులోని కణాలు ఇంకా బతికే ఉంటాయి. తమలోని పిండిపదార్థాన్నీ చక్కెరనూ అవే ఖర్చు చేసుకుంటాయి. ఆకుపచ్చ పోయి పసుపు, తర్వాత గోధుమరంగు వస్తుంది. ఆపైన తేమ చల్లి పెద్ద గుట్టలుగా పేరుస్తారు. పచ్చి గడ్డిని వామి వేస్తే లోపల ఉడుకెత్తినట్టు ఈ గుట్ట కూడా తనంతట తానే వేడెక్కుతుంది. ఎంజైములు, సూక్ష్మజీవులు కలిసి మాంసకృత్తులను విడగొడతాయి, అమ్మోనియా పైకి వస్తుంది. గుట్ట మధ్యలో ఉష్ణమాపకం గుచ్చి కనిపెట్టుకుని ఉంటారు. వేడి హద్దు దాటబోతుంటే గుట్ట కూల్చి, లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చి మళ్లీ పేరుస్తారు. ఇలా ఎన్నోసార్లు. ఘాటూ చేదూ తగ్గుతాయి, నికొటిన్ కొంత పోతుంది. తర్వాత బేళ్లలో కట్టి నెలలు, ఒక్కోసారి ఏళ్లు నిలవ ఉంచుతారు.

నిలవ ఉన్న సరుకంటే కదలని పెట్టుబడి. చవకబారు సిగార్ మొదట కోత పెట్టేది ఇక్కడే. సరిగా మాగని ఆకు కాలితే ముక్కుకు అమ్మోనియా తగులుతుంది, నాలుక చురుక్కుమంటుంది. 1992లో సిగార్ అఫిషియొనాడో పత్రిక మొదలైన తర్వాతి నాలుగైదేళ్లలో అమెరికాలో సిగార్లకు విపరీతమైన గిరాకీ వచ్చింది. ఆ హడావుడిలో పుట్టుకొచ్చిన ఎన్నో కొత్త బ్రాండ్లు పచ్చి ఆకునే చుట్టి ఎక్కువ ధరకు అమ్మాయి. దశాబ్దం చివరికి ఆ బుడగ పేలింది. ధర చూసి నాణ్యతను అంచనా వేస్తే ఏమవుతుందో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

కొహీబాకు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. 1966లో పుట్టిన ఈ సిగార్ చాలాకాలం ఫిడెల్ కాస్ట్రో కోసం, దేశదేశాల అతిథులకు కానుకల కోసం మాత్రమే తయారైంది. బజారులోకి వచ్చింది 1982లో. దానిలో వాడే లిహేరో, సెకో ఆకులను కొయ్య పీపాల్లో అదనంగా మరోసారి మాగబెడతారు. కాబట్టి తేడా బొత్తిగా లేదనడం తప్పు. కానీ 2022లో పెరిగిన ధరకూ ఆ పీపాలకూ సంబంధం లేదు. అరుదు అన్న పేరుకే ఆ సొమ్మంతా.

క్యూబా పేరుకు ఇంత విలువ రావడం వెనక రాజకీయం కూడా ఉంది. విప్లవం తర్వాత 1960లో అక్కడి పొగాకు పరిశ్రమను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబా సరుకుపై నిషేధం విధించాడు. అమెరికన్లకు హవానా సిగార్ దొరకని పండయింది, దొరకనిదాని మీద మోజు పెరిగింది. అదే సమయంలో వలసవెళ్లిన క్యూబా పొగాకు కుటుంబాలు తమ విత్తనాన్నీ విద్యనూ వెంట తీసుకెళ్లాయి. డొమినికన్ రిపబ్లిక్‌లోని సిబావో లోయ, నికరాగ్వాలోని ఎస్తెలీ, హలాపా, హోండురస్‌లోని దన్లీ అలా పైకొచ్చాయి. రోమియో ఇ హులియెటా, మోంటెక్రిస్టో వంటి పేర్లతో క్యూబాలో ఒక సిగార్, క్యూబా బయట వేరే యజమాని తీసే మరో సిగార్ ఈనాటికీ పక్కపక్కన నడుస్తున్నాయి. నన్నడిగితే ధరకు తగ్గ సరుకు కోసం ముందు వెతకాల్సింది నికరాగ్వాలోనే. విత్తనం క్యూబాది, నేల అగ్నిపర్వతాల బూడిద కలిసిన సారవంతమైన నేల, పేరుకు కట్టే సుంకం మాత్రం తక్కువ.

అసలు సుంకం సంగతీ ఉంది. అమెరికాలో పెద్ద సిగార్ మీద కేంద్ర పన్ను ధరలో 52.75 శాతం, అయితే ఒక్కోదానికి 40.26 సెంట్లు దాటకూడదు. అంటే ఎంత ఖరీదైన సిగార్‌కైనా అంతకు మించి కట్టనక్కర్లేదు. రాష్ట్రాల పన్ను దానికి అదనం. న్యూయార్క్‌లో అది టోకు ధరలో 75 శాతం, ఫ్లోరిడాలో సున్నా. ఒకే సిగార్‌కు రెండు ఊళ్లలో రెండు ధరలుంటే ఆకును నిందించి లాభం లేదు.

ఇన్ని తెలిసినా మన నాలుక మనల్ని మోసం చేస్తుంది. 2008లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ద్రాక్షసారాయితో చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఒకే సారాయిని ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పి రుచి చూపించారు. 90 అన్నప్పుడే బాగుందన్నారు. వాళ్లు మొహమాటానికి అన్న మాట కాదది. హాయిని లెక్కగట్టే మెదడు భాగంలో రక్తప్రవాహం నిజంగానే పెరిగినట్టు స్కానర్ చూపించింది. సిగార్ మీది బంగారు పట్టీ కూడా ఆ పనే చేస్తుందని నేను నమ్ముతాను. పట్టీ తీసేసి ఇద్దరు ముగ్గురికిచ్చి అడగడమే దీనికి విరుగుడు.

కొనేటప్పుడు చేతితో, కంటితో చేసే పరీక్షలు పేరుకన్నా నమ్మదగినవి. ముట్టించే కొస వైపు చూడండి. మడతలు మడతలుగా ఆకులు కనిపిస్తే పొడవాకు నింపినట్టు. నలిగిన తునకలే కనిపిస్తే యంత్రం కొట్టిన ముక్కాకు, అది వేడిగా, తొందరగా కాలిపోతుంది. ఈ రెండూ కలిపి చేతితో చుట్టే రకం మధ్యస్తంగా ఉంటుంది, ధర కలిసొస్తుంది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా వేళ్లతో మెల్లగా నొక్కండి. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటే చుట్టడంలో లోపం, గాలి సరిగా లాగదు.

కొన్నాక చూపాల్సిన జాగ్రత్త అంతకన్నా పెద్దది. సిగార్‌కు 65 నుంచి 70 శాతం తేమ ఉండాలి. మన వేసవిలో అది వారానికే పెళుసెక్కుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. వేడి 24 డిగ్రీలు దాటితే ఆకులో దాగిన పొగాకు పురుగు గుడ్లు పొదిగి, సూదిబెజ్జాలు పొడుస్తుంది. సిగార్ పెట్టెలకు వాడే స్పానిష్ సెడార్ తేమను పీల్చుకుని వదులుతుంది, పురుగును కొంత దూరం పెడుతుంది. పేరుకు సెడార్ అయినా వృక్షశాస్త్రం ప్రకారం అది మన వేపచెట్టు కుటుంబానికి చెందింది. ఎండిపోయిన కొహీబా కన్నా సరిగా దాచిన మామూలు సిగార్ నయం. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఇంతవరకూ రుచి లెక్క. ఒంటికి జరిగే హాని లెక్క వేరు. దానికి ధరతో పనిలేదు. సిగరెట్లకు వాడే ప్రకాశం జిల్లా వర్జీనియా ఆకును బేరన్ అనే వేడి కొట్టంలో వారం రోజులు ఆరబెడతారు. చక్కెర అందులోనే నిలిచిపోతుంది కాబట్టి దాని పొగ ఆమ్లగుణంతో ఉంటుంది. సిగరెట్ పొగను ఊపిరితిత్తుల్లోకి లాగితే తప్ప నికొటిన్ సరిగా ఎక్కదు. నిప్పు తగలకుండా ఆరిన సిగార్ ఆకులో చక్కెర దాదాపు ఉండదు. దాని పొగ క్షారగుణం వైపు మొగ్గుతుంది. క్షారంలో నికొటిన్ విడివడి నోటి పొరల్లోంచే రక్తంలోకి దిగిపోతుంది. పొగ మింగడం లేదు కదా అన్న ధీమా అందుకే చెల్లదు. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉండవచ్చు. మరో కఠినమైన నిజం, ఏ మాగబెట్టడానికి మనం ఎక్కువ ధర ఇస్తామో ఆ దశలోనే ఆకులోని నైట్రేట్లు, నికొటిన్ నుంచి నైట్రోసమైన్లు పుడతాయి. అవి క్యాన్సర్ కారకాలు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు చవక సిగార్, ఖరీదైన సిగార్ అన్న తేడా లేదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, ఆ అలవాటు అంగిలిని ఎలా దెబ్బతీస్తుందో ప్రపంచానికి చూపించింది. కాల్చని వాళ్లు మొదలుపెట్టవద్దనే నా విన్నపం.

కాల్చేవాళ్లకు మరొక్క హెచ్చరిక. పేరున్న క్యూబా సిగార్ ఎవరైనా సగం ధరకిస్తామంటే అది మంచి బేరమని మురిసిపోకండి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా నకళ్లు వచ్చే బ్రాండ్లలో కొహీబా ఒకటి. అందులో ఏ ఆకు ఉందో, ఎంత మాగిందో, ఏ మందు చల్లారో చెప్పే నాథుడుండడు. మన దేశంలో చట్టబద్ధంగా అమ్మే ప్రతి పొగాకు పెట్టె మీదా 85 శాతం మేర బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. విదేశీ సిగార్‌కూ మినహాయింపు లేదు. ఆ బొమ్మ లేని పెట్టెను దుకాణంలో ఎవరైనా చూపిస్తే, ధర అడగకుండానే తిరిగి ఇచ్చేయండి.