ఇల్లు వచ్చింది.. ఉపాధి సొమ్ములో గ్రాంట్ ఎంత, అప్పు ఎంత?

నాయుడుపేట: సొంతింటి తాళం చేతికొచ్చింది. మరి ఇల్లు గడిచేదెలా? టిడ్కో ఫ్లాట్ అయినా, జగనన్న కాలనీ ఇల్లు అయినా ఊరికి దూరంగా ఉంటే పాత వీధిలో టిఫిన్ బండి బేరం, ఇళ్లల్లో పని పోతాయి. మేనకూరు సెజ్‌లో ఉద్యోగం దొరికినవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లు సొంతంగా ఏదైనా పెట్టుకుంటే ప్రభుత్వం గ్రాంట్ ఇస్తుందట అని వింటుంటారు. ఇస్తుంది. కానీ 'గ్రాంట్' పేరుతో చెప్పేదాంట్లో చాలా భాగం అప్పే.

తిరిగి కట్టక్కర్లేని డబ్బు స్పష్టంగా కనిపించేది పీఎం విశ్వకర్మలో. టైలరింగ్, వడ్రంగం, తాపీ పని సహా 18 చేతివృత్తులకు 2023 సెప్టెంబర్ 17న మొదలైన పథకం ఇది. ట్రైనింగ్‌లో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15 వేల ఈ-వోచర్ ఇస్తారు. ఆ తర్వాత 5 శాతం వడ్డీకి ముందు రూ.లక్ష, తర్వాత రూ.2 లక్షల వరకు లోన్. ఇక్కడే ఓ మెలిక ఉంది. గత 5 ఏళ్లలో ముద్ర, స్వనిధి లోన్ తీసుకుని ఇంకా తీర్చకపోతే ఇందులో అర్హత ఉండదు. ఏది ముందు తీసుకోవాలో ఆలోచించుకోవాలి.

పచ్చళ్లు, అప్పడాలు చేసే డ్వాక్రా మహిళలకు పీఎంఎఫ్‌ఎంఈ కింద సభ్యురాలికి రూ.40 వేల సీడ్ క్యాపిటల్ ఉంది. ప్రభుత్వం దాన్ని సమాఖ్యకు గ్రాంట్‌గానే ఇస్తుంది. సభ్యురాలి చేతికి మాత్రం అప్పుగానే వస్తుంది, తిరిగి సంఘానికి కట్టాలి.

ఇక అందరూ అడిగేది పీఎంఈజీపీ. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు యూనిట్ పట్టణంలో పెడితే 25 శాతం, గ్రామంలో పెడితే 35 శాతం సబ్సిడీ. సొంత వాటా 5 శాతం చాలు. రూ.2 లక్షల యూనిట్ అనుకోండి. టౌన్‌లో అయితే సబ్సిడీ రూ.50 వేలు, పంచాయతీలో అయితే రూ.70 వేలు. అంటే మీ కాలనీ మున్సిపల్ హద్దు లోపలుందా, బయటుందా అన్నదాన్ని బట్టి రూ.20 వేల తేడా! ఇంటి అడ్రస్ కాదు, యూనిట్ ఎక్కడుందన్నదే లెక్క. ఈ పథకానికి ఆమోదం 2025-26 వరకే ఇచ్చారు కాబట్టి దరఖాస్తులు తీసుకుంటున్నారా అని ముందే కనుక్కోండి.

ఆ సబ్సిడీ కూడా చేతికి రాదు. మీ లోన్ పేరు మీద బ్యాంకులోనే 3 ఏళ్లు లాక్‌లో ఉంటుంది. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే అప్పులో సర్దుతారు. మధ్యలో మూసేస్తే ఆ సబ్సిడీ దక్కదు.

అమెరికాలోనూ ఇలాంటి లాక్ ఒకటి ఉంది. ప్రభుత్వ ఇళ్లలో ఉండేవాళ్లు అక్కడ ఆదాయంలో సుమారు 30 శాతం అద్దె కడతారు. సంపాదన పెరిగితే అద్దె కూడా పెరుగుతుంది. దాంతో ఎక్కువ సంపాదించడానికి వెనకాడేవాళ్లు. 1990లో తెచ్చిన ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియన్సీ పథకంలో ఆ పెరిగిన అద్దెకు సమానమైన సొమ్ము ఆ కుటుంబం పేరునే జమ చేస్తారు. సాధారణంగా 5 ఏళ్ల ఒప్పందం. పెట్టుకున్న లక్ష్యాలు చేరితే ఆ డబ్బు వాళ్లదే. కేంద్రం ఇచ్చే గ్రాంట్ మాత్రం కుటుంబాలకు కాదు, వాళ్లకు దారి చూపే కోఆర్డినేటర్ల జీతాలకు పోతుంది. వినడానికి వింతగా ఉన్నా, మన దగ్గర లోటు సరిగ్గా అక్కడే. ఇల్లిచ్చేది టిడ్కో, ఉపాధి చూసేది మెప్మా, లోన్ ఇచ్చేది బ్యాంకు. జనం మూడు చోట్లా తిరగాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంటి ఈఎంఐ. 300 చదరపు అడుగుల టిడ్కో ఇల్లు రూపాయికే ఇచ్చారు కాబట్టి లోన్ గొడవ లేదు. 365, 430 అడుగుల ఇళ్లకు బ్యాంకు లోన్ ఉంది. ఆ కిస్తీలు ఆగితే సిబిల్ స్కోర్ పడిపోతుంది. అప్పుడు సబ్సిడీకి అర్హత ఉన్నా బ్యాంకు మేనేజర్ లోన్ ఇవ్వడానికి ఒప్పుకోవడం కష్టం. లోన్ లేకపోతే సబ్సిడీ కూడా లేదు. అందుకే కొత్త దరఖాస్తుకు ముందు పాత కిస్తీల సంగతి బ్యాంకులో తేల్చుకోండి.

టౌన్‌లో ఉంటే మీ సంఘం ఆర్పీ దగ్గర, మున్సిపల్ ఆఫీసులోని మెప్మా విభాగంలో అడగండి. పంచాయతీ పరిధి అయితే వెలుగు ఆఫీసు. విశ్వకర్మ రిజిస్ట్రేషన్ కామన్ సర్వీస్ సెంటర్‌లో జరుగుతుంది. పీఎంఈజీపీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం. ఫైల్ కదిలిస్తామని ఎవరైనా కమీషన్ అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.