కంటికి కనిపించని కావలి

ఇల్లు కట్టుకొన్న నాటి నుండే మానవుడు దానిని కాపాడుకొనే ఉపాయాలు వెదుకుతూ వచ్చాడు. ప్రహరీగోడ, గడియ, తాళం, వీధి అరుగుమీద నిద్రించే తాతగారు, అలికిడికి మొరిగే కుక్క - ఇవన్నీ ఆ ఉపాయాలే. కాలక్రమంలో ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. చదువులకూ ఉద్యోగాలకూ పిల్లలు దూరప్రాంతాలకు తరలిపోయారు. పగలంతా తాళం వేసి ఉండే ఇళ్లు, వృద్ధ దంపతులు మాత్రమే నివసించే ఇళ్లు పెరిగాయి. అందువల్ల మనిషి చేయవలసిన కావలిలో కొంత భాగాన్ని యంత్రానికి అప్పగించవలసి వచ్చింది.

ఈ యంత్రానికి నూట డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. అమెరికాలోని బోస్టన్ సమీపాన నివసించిన అగస్టస్ రస్సెల్ పోప్ 1853లో విద్యుదయస్కాంత హెచ్చరిక గంటకు పేటెంటు పొందాడు. తలుపుగాని కిటికీగాని తెరవగానే విద్యుద్వలయం పూర్తయి గంట మోగడం అందులోని సూత్రం. ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని దానిని వ్యాపారంగా విస్తరింపజేశాడు. అప్పట్లో ప్రతి తలుపు నుండి గంట వరకు తీగ లాగవలసి వచ్చేది. నేటి వైర్‌లెస్ సెన్సార్లలో ఆ తీగ స్థానాన్ని రేడియో తరంగాలు ఆక్రమించాయి. గోడలు తొలిచే పని లేనందున అద్దె ఇళ్లలో సైతం వీటిని అమర్చుకోవచ్చు.

ఈ వ్యవస్థలో మూడు అంగాలు ఉంటాయి. మార్పును గుర్తించే సెన్సార్లు మొదటివి. వాటి సంకేతాలను అందుకొనే కంట్రోల్ ప్యానెల్ రెండవది. పెద్దగా మోగే సైరన్, యజమాని ఫోనుకు చేరే సందేశం మూడవ అంగం.

తలుపుకు అమర్చే సెన్సార్‌లో రెండు ముక్కలు ఉంటాయి. ఒకదానిలో అయస్కాంతం, రెండవదానిలో సన్నని గాజు గొట్టంలో బంధించిన రెండు లోహపు రేకులు ఉంటాయి. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంత ప్రభావంవల్ల రేకులు కలిసి ఉంటాయి. తలుపు తెరుచుకోగానే అవి విడిపోతాయి. తక్షణమే ప్యానెల్‌కు సంకేతం వెళుతుంది. రేకులున్న ముక్కను ద్వారబంధానికి, అయస్కాంతాన్ని తలుపు రెక్కకు అంటించాలి. రెండింటి మధ్య ఎడం సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్లకు మించరాదు. వానకాలంలో కొయ్య తలుపులు ఉబ్బుతాయి కనుక ఆ ఎడాన్ని అప్పుడప్పుడు సరిచూడాలి.

గదిలో కదలికను పసిగట్టే సెన్సార్ మరొక రకం. మానవ శరీరం తన వేడిమిని పరారుణ కిరణాల రూపంలో వెలువరిస్తూ ఉంటుంది. ఆ కిరణాలలో కలిగే ఆకస్మికమైన మార్పును ఈ సెన్సార్ గ్రహిస్తుంది. దీనిని గది మూలలో, నేల నుండి రెండు మీటర్లకు కొంచెం పైన బిగించడం పరిపాటి. తనకు ఎదురుగా వచ్చే మనిషికంటె అడ్డంగా నడిచే మనిషిని ఇది త్వరగా గుర్తిస్తుంది. ఎండపడే కిటికీ, వంటపొయ్యి, ఏసీ గాలి దీనికి ఎదురుగా ఉండరాదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో గోడల వేడిమి శరీరపు వేడిమికి చేరువవుతుంది. అప్పుడు రెండింటి మధ్య భేదం తగ్గి ఈ సెన్సార్ మందగిస్తుంది. కావున దీనినొక్కదానినే నమ్ముకోరాదు.

సెన్సార్లను ఎక్కడ అమర్చాలో నిర్ణయించేముందు దొంగ ఎటునుండి రాగలడో ఆలోచించాలి. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుని ఇంట ప్రవేశించింది ద్వారం గుండా కాదు. గోడకు కన్నం వేసి! తలుపుకు మాత్రమే సెన్సార్ ఉన్న ఇంట్లో అటువంటివాని రాక తెలియదు. వీధి తలుపు, పెరటి తలుపు, మేడమెట్ల తలుపులకు తోడు, ఎటునుండి వచ్చినా దాటక తప్పని నడవలో కదలికను గుర్తించే సెన్సార్ ఒకటి ఉండాలి.

ప్రతి సెన్సార్‌ను ముందుగా ప్యానెల్‌కు పరిచయం చేసి, 'పెరటి తలుపు', 'నడవ' అని పేర్లు పెట్టాలి. శాశ్వతంగా బిగించకముందే సంకేతం అందుతున్నదో లేదో పరీక్షించాలి. కాంక్రీటు గోడలు, ఇనుప బీరువాలు రేడియో తరంగాలను బలహీనపరుస్తాయి. కరెంటు పోయినా పనిచేసేందుకు ప్యానెల్‌లో అదనపు బ్యాటరీ ఉండాలి. నెలకొకసారి ప్రతి తలుపు తెరిచి, ప్రతి గదిలో నడిచి చూడాలి. తయారీదారు ఇచ్చిన రహస్య సంఖ్యను మొదటిరోజే మార్చుకోవాలి. ఆ సంఖ్య తెలిసినవాడే దొంగ అయితే ఏ సెన్సార్ పట్టుకోగలదు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఉండనే ఉన్నది.

ఈ వ్యవస్థకు పెద్ద శత్రువు అకారణంగా మోగే గంట. పిల్లి దూకినప్పుడూ, గాలికి తలుపు కదిలినప్పుడూ సైరన్ మోగుతుంటే ఇరుగుపొరుగువారు మొదట పరుగెత్తుకొని వస్తారు, తరువాత విసుగుచెందుతారు, చివరకు పట్టించుకోరు. 'నాన్నా పులి' కథలోని బాలునికి పట్టిన గతే ఆ ఇంటికీ పడుతుంది. నిజంగా ఆపద వచ్చిన రాత్రి ఆ మోత విని కూడా ఎవరూ లేవరు. అందుచేత సెన్సార్‌ను సరైన చోట అమర్చడం యజమాని సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, పొరుగువారి నమ్మకాన్ని నిలుపుకొనే బాధ్యత కూడా.

యంత్రం సమాచారం అందించగలదేకాని దొంగను ఆపలేదు. సైరన్ విని బయటకు తొంగిచూసే పొరుగువారు, 112కు ఫోన్ చేసే బంధువు, వెంటనే కదలివచ్చే పోలీసులు ఉన్నప్పుడే ఆ సమాచారానికి విలువ. ఊరికి వెళ్లేవారు తాళంచెవితోపాటు ఒక మాట కూడా పక్కింటివారికి అప్పగించే పాత ఆచారం సెన్సార్లు వచ్చిన తరువాత కూడా విడువదగినది కాదు.