ఈసీ అడిగితే సర్వర్ ఎన్ని పేజీలు తిప్పుతుంది?

1 నుంచి 5 రోజులు. కంప్యూటర్లు రాకముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చేతికి రావడానికి మామూలుగా పట్టిన కాలం అది. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ ప్రాజెక్టును 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ప్రారంభించినప్పుడు దాన్ని 5 నిమిషాలకు దించుతామన్నారు. అంతకుముందు పదిహేనేళ్ల లావాదేవీలను కంప్యూటర్లలోకి ఎక్కించి పెట్టుకున్నారు కాబట్టే ఆ మాట అనగలిగారు. ఆన్‌లైన్ ఈసీ ఇప్పటికీ 1983 నుంచే దొరుకుతుంది. 1998లోంచి పదిహేను తీసేస్తే వచ్చే ఏడాది అదే.

రోజులు నిమిషాలైంది యంత్రం వేగం వల్లే అనుకుంటాం. సగమే నిజం. మిగతా సగం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. దాని 55వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసులో ఇండెక్సులు రాయాలి: ఒకటో ఇండెక్సులో రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లు, రెండోదాంట్లో ఆస్తి వివరాలు. రిలేషనల్ డేటాబేసు సిద్ధాంతాన్ని ఎడ్గార్ కాడ్ ప్రచురించింది 1970లో. ఏ వివరంతో వెతుకుతారో ముందే ఊహించి, దానికి తగిన వరుస విడిగా రాసిపెట్టుకోవాలన్న తెలివి అప్పటికి అరవై రెండేళ్ల పాతది.

ఆ వరుస విలువ ఎంతో అంకెల్లో చూద్దాం. ఇది లెక్క కోసం ఊహించిన పట్టిక, ఏ శాఖ సర్వర్ లోపలి గుట్టూ కాదు. కోటి దస్తావేజులు, ఒక్కో వరుసకు 200 బైట్లు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్ డేటాను 8 కేబీ పేజీలుగా దాస్తుంది. పేజీకి 40 వరుసల చొప్పున మొత్తం 2.5 లక్షల పేజీలు, అంటే 2 జీబీ పైచిలుకు. ఏలూరు దగ్గర ఒక గ్రామంలో సర్వే నంబరు 112 మీద 12 దస్తావేజులు ఉన్నాయనుకోండి. ఇండెక్స్ లేకపోతే సర్వర్ 2.5 లక్షల పేజీలూ చదవాలి. సెకనుకు 150 ఎంబీ చదివే హార్డ్ డిస్కు మీద ఇది సుమారు 14 సెకన్ల పని.

ఇండెక్స్ ఉంటే? దాని ఒక్కో పేజీలో 250 పద్దులు పడితే, మూడు అంతస్తుల్లో 250 × 250 × 250, అంటే 1 కోటీ 56 లక్షల పద్దులు ఇముడుతాయి. కాబట్టి ఇండెక్స్‌లో 3 పేజీలు, దస్తావేజులకు 12 పేజీలు, మొత్తం 15. డిస్కు మీద ఎక్కడెక్కడో ఉన్న పేజీని అందుకోవడానికి 10 మిల్లీసెకన్లు వేసుకున్నా 150 మిల్లీసెకన్లలో పని అయిపోతుంది.

వరుస ఎలా కట్టామన్నదీ ముఖ్యమే. సర్వే నంబరు 112 దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ముందు గ్రామం, తర్వాత సర్వే నంబరు అని ఇండెక్స్ కడితేనే పై లెక్క నిలుస్తుంది. ఇక ‘112’, ‘112/2’, ‘112-2ఏ’ అని తలో రకంగా టైపు చేసిన పట్టికలో, గ్రామం చెప్పకుండా 112 ఎక్కడ కనిపించినా పట్టుకురమ్మని ప్రశ్న రాస్తే ఆ ఇండెక్స్ వరుస ఎందుకూ కొరగాదు. సర్వర్ మళ్లీ 2.5 లక్షల పేజీలకే వెళ్తుంది, పైగా 1120 వాళ్లనీ వెంటబెట్టుకొస్తుంది. నన్నడిగితే ‘సర్వర్ స్లో’ ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇలాంటి ప్రశ్నే. కొత్త యంత్రం కొటేషన్ అడగడానికి ముందు ప్రశ్న మొదట్లో ‘ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్’ అని రాసి, ఎన్ని వరుసలు వస్తాయని సర్వర్ అంచనా వేసిందో, నిజంగా ఎన్ని వచ్చాయో చూడాలి. దానికి ఖర్చేమీ లేదు.

ఆ రెండు అంకెలూ పొంతన లేకుండా ఉన్నాయంటే పట్టిక గురించి సర్వర్ దాచుకున్న గణాంకాలు పాతబడి ఉండవచ్చు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కొల్లేటి పక్కనున్న కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చాయి. మన ఊహా పట్టికలో ఆ నాలుగు మండలాల దస్తావేజులు 4 లక్షలనుకుని, వాటి జిల్లా కోడ్ ఒక్క రాత్రిలో మార్చామనుకుందాం. పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో పట్టికలో పదో వంతు, ఆపైన 50 వరుసలు మారితేగాని గణాంకాలు తనంతట తాను సరిచూసుకోదు. కోటి వరుసల్లో అది 10,00,050. మార్చినవి 4 లక్షలే, కనుక అది కదలదు. కొత్త కోడ్ కింద నాలుగైదు వరుసలే ఉంటాయన్న పాత నమ్మకంతో ఇండెక్స్ దారి పడుతుంది. 4 లక్షల వరుసలకు ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు వేస్తే 4,000 సెకన్లు, గంట దాటుతుంది. అదే పని మొత్తం పట్టిక వరసగా చదివితే 14 సెకన్లు! ఎక్కువ వరుసలు కావలసినప్పుడు ఇండెక్సే బరువు. దీనికి మందు ‘ఎనలైజ్’ అనే ఒక్క ఆదేశం. అది కూడా కోటి వరుసలూ చూడదు, మామూలుగా 30,000 వరుసల నమూనా తీసుకుని అంచనాలు సరిచేసుకుంటుంది.

మెమరీ సంగతి క్లుప్తంగా. పేజీ ర్యామ్‌లో దొరికితే నానోసెకన్ల పని, ఎస్‌ఎస్‌డీ మీద సుమారు 100 మైక్రోసెకన్లు, తిరిగే డిస్కు మీద 10 మిల్లీసెకన్లు. ర్యామ్‌లో దొరికే వాటా 99 శాతం నుంచి 98కి దిగితే ‘ఒక్క శాతమే కదా’ అంటారు. డిస్కు వైపు నుంచి చూస్తే నూటికి ఒకటిగా ఉన్న పని రెండైంది, భారం రెట్టింపు. పేజీలను ర్యామ్‌లో ఉంచుకోవడానికి పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేసు రెండూ మొదట పెట్టుకునేది 128 ఎంబీయే. 64 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం కొని ఆ అమరికను ముట్టుకోకుండా వదిలేసిన చోట్లు లేకపోలేదు.

అసలు చిక్కు మంచిరోజున వస్తుంది. ఆషాఢంలో ఆపుకున్న రిజిస్ట్రేషన్లు శ్రావణంలో ఒక్కసారిగా పడతాయి. 2025 ఫిబ్రవరి 1 నుంచి మార్కెట్ విలువలు మారతాయనగానే జనవరి ఆఖర్లో ఆఫీసులు కిక్కిరిశాయి. వరుసకట్టే పనికి పాత సూత్రం ఒకటుంది: ఒక పనికి పట్టే కాలాన్ని, సర్వర్‌లో ఖాళీగా మిగిలిన భాగంతో భాగించాలి. పని 50 మిల్లీసెకన్లనుకుంటే సెకనుకు 20 పనులు దాని గరిష్ఠం. సెకనుకు 10 వస్తే సగం ఖాళీ, జవాబు 100 మిల్లీసెకన్లలో. 16 వస్తే 250. 18 వస్తే 500. 19 వస్తే 1,000. పదహారు నుంచి పందొమ్మిదికి పెరిగింది మూడే, నిరీక్షణ మాత్రం నాలుగింతలు. కొల్లేరుతో పరిచయమున్నవారికి ఈ వంపు కొత్తేం కాదు. అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లున్న సరస్సు పదో కాంటూరుకు 901 అవుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎంత తెచ్చి పోసినా సముద్రానికి వెళ్లే దారి ఉప్పుటేరు ఒక్కటే.

అందుకే సీపీయూ 80 శాతం దగ్గర ఉంటే ‘ఇంకా 20 ఉంది’ అని నిబ్బరపడటం నాకు నచ్చదు. అలారం 70 దగ్గరే మోగాలి. కనెక్షన్లు పెంచితే వరుస కరుగుతుందన్న నమ్మకం కూడా గట్టిదే, తప్పుడుదే. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం సెకనుకు వచ్చే పనుల్ని, ఒక్కో పని లోపల ఉండే కాలంతో గుణిస్తే ఏకకాలంలో నడుస్తున్నవి ఎన్నో తేలుతుంది. పెద్ద సర్వర్‌కు సెకనుకు 100 పనులొచ్చినా, ఒక్కోటి 50 మిల్లీసెకన్లలో ముగిస్తే ఏ క్షణాన చూసినా సగటున అయిదే. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఇచ్చేవి 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్ 151. వాటిని వెయ్యి చేస్తే బయట నిలబడ్డ వరుస లోపలికొచ్చి తోసుకుంటుంది, అంతే.

పర్యవేక్షణ తెర మీద సగటు అంకెను మొదట పక్కన పెట్టాలి. నూరు ప్రశ్నల్లో 95కి 20 మిల్లీసెకన్లు, 5కి 12 సెకన్లు పడితే సగటు 0.62 సెకను. నివేదికలో బాగానే కనిపిస్తుంది, ఆ ఐదుగురు మాత్రం కౌంటర్ దగ్గరే నిలబడి ఉంటారు. నిదానంగా నడిచే ప్రశ్నల లాగ్‌నీ గుడ్డిగా నమ్మకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో దాన్ని తెరిస్తే, హద్దు మార్చనంతవరకు 10 సెకన్లు దాటినవే అందులోకెక్కుతాయి. రోజుకోసారి 30 సెకన్లు తీసుకునే నివేదిక దొరికిపోతుంది. 40 మిల్లీసెకన్ల చిన్న ప్రశ్న రోజుకు 2 లక్షలసార్లు నడిస్తే 8,000 సెకన్లు, రెండు గంటల పదమూడు నిమిషాల పైమాట. అది ఆ లాగ్‌లోకి ఎప్పటికీ రాదు. పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్’ని మొత్తం సమయం వరుసన చూస్తే ఇలాంటిదే మొదట తేలుతుంది. బాగుచేయాల్సిందీ దాన్నే. 40ని 10కి దించితే రోజుకు 6,000 సెకన్లు మిగులుతాయి. ఆ 30 సెకన్ల నివేదికను పూర్తిగా రద్దు చేసినా మిగిలేది 30.

ఈ లెక్కలు చూసి అన్నింటికీ ఇండెక్సులు కట్టేసేవాళ్లుంటారు. ఆరు ఇండెక్సులున్న పట్టికలో కొత్త దస్తావేజు ఎక్కితే ఏడు చోట్ల రాయాలి, రద్దీ రోజున ఆ రాతే వరుసను పెంచుతుంది. ఎవరూ వాడని ఇండెక్స్‌ను ‘పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్’ పట్టుకుంటుంది: వాడకం లెక్క సున్నా దగ్గరే ఉండిపోతుంది. అయితే జూన్‌లో సున్నా చూసి తీసేయకూడదు. ఏడాదికోసారి, మార్చి ఆఖరి లెక్కలకు మాత్రమే పనికొచ్చే ఇండెక్సులు కొన్ని ఉంటాయి. మార్చి దాటాక కూడా సున్నాయే ఉంటే అప్పుడు తీసేయవచ్చు.