సేఫ్టీ అవార్డులో ఇంటివాళ్ల వాటా

ఓర్వకల్లు విమానాశ్రయానికి మన రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అక్కడి నుంచి 2021 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. పైలట్ ఎన్ని గంటలు పనిచేయాలో, ఎంత విశ్రాంతి తీసుకోవాలో నిబంధనల్లోనే ఉంటుంది. అయితే నిబంధన విశ్రాంతికి సమయం ఇవ్వగలదే గానీ, నిద్ర మాత్రం ఇంట్లోనే దొరకాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ డిపోల ఆర్టీసీ డ్రైవర్లకూ అంతే. ప్రమాదం లేకుండా ఏళ్ల తరబడి బస్సు నడిపినవారికి అవార్డులిస్తారు. అందులో మీ వాటా కూడా ఉంది.

వరుసగా 17 గంటలు మేల్కొని ఉంటే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటిలా చురుకుదనం తగ్గుతుంది. చట్టం ఒప్పుకొనే హద్దు 0.03 శాతమే!

రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారి విషయంలో ఇవి పాటించండి:

• గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి కనీసం 7 గంటలు నిద్రపోనివ్వండి. చిన్నచిన్న పనులకు లేపొద్దు.

• పడుకోవడానికి 6 గంటల ముందు నుంచే కాఫీ, టీ మానాలి.

• గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నా, పగలు కునుకుపాట్లు పడుతున్నా డాక్టర్‌కు చూపించండి. అది స్లీప్ అప్నియా కావచ్చు. దానికి చికిత్స ఉంది.

• దారిలో కళ్లు మూతలు పడుతుంటే బండి సురక్షితమైన చోట ఆపి, 20 నిమిషాలు కునుకు తీయమనండి.

ఆలస్యంగా చేరినా ఫరవాలేదు, క్షేమంగా చేరాలి.