మందవెంట నడచిన బ్రతుకు

గోదావరి డెల్టాలో దాళ్వా కోతలు ముగిసిన పిమ్మట, సాయంకాలమున చేని గట్టుపై నిలిచి చూచినచో, ఒక్కొక్కప్పుడు దూరమున దుమ్ము లేచుట కనబడును. కొంతసేపటికి గొఱ్ఱెల అఱపులు వినవచ్చును. మందకు ముందొక కాపరి, వెనుక నొక కాపరి నడచుచుందురు. వారి భుజములపై గొంగళ్ళు, చేతులలో పొడుగాటి కఱ్ఱలు ఉండును. మనము అన్నము తినునపుడు కాలువలు త్రవ్వించిన కాటన్ దొరను తలంతుము. నాగలి పట్టిన రైతును తలంతుము. ఆ చేనికి సారమిచ్చిన కాపరి మాత్రము మన తలపునకు రాడు.

ఈ కాపరి ఎవరు? ఎచ్చటినుండి వచ్చును? ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. ఆ నీరు పల్లపు భూములకు పాఱెను గాని, ఎగువనున్న మెట్టకు ఎక్కలేదు. మెట్టవారికి వానయే దిక్కు. వాన తప్పినచో పైరు నిలిచినచోటనే ఎండిపోవును. గొఱ్ఱెకు కాళ్ళున్నవి, పచ్చిక యున్నచోటికి అది నడచి పోగలదు. కనుకనే మెట్ట ప్రాంతములందు గొల్లలు మందను నమ్ముకొనిరి. పాలమూరు కురుమలును, అనంతపురపు కురుబలును నమ్ముకొన్నది ఇదియే. కాపరులు ఊరు విడిచి తిరుగుట నిలకడలేమి కాదు. కఱవును దాటుటకు పెద్దలు కనిపెట్టిన ఉపాయము.

పల్లపు రైతునకును ఈ రాకవలన మేలు కలదు. కోసిన చేలో రాత్రులందు మందను నిలుపుటను మంద కట్టుట యందురు. పగలు గొఱ్ఱెలు కొయ్యకాళ్ళనడుమ మొలచిన గడ్డిని, గట్లపై ఆకును మేయును. రాత్రి పెంటయు మూత్రమును చేనిలోనే పడును. గొఱ్ఱెపెంటలో నత్రజని సుమారు 3 శాతము ఉండును; పశువుల పేడలో అంత యుండదు. బండితో తోలవలసిన పని లేదు, వెదజల్లవలసిన పని లేదు. ఇందులకు ప్రతిఫలముగా రైతు పూర్వము ధాన్యము కొలిచెడివాడు; తరువాత రొక్కము ఇచ్చుట వాడుకయైనది. రైతునకు ఎరువు, కాపరికి గ్రాసము, జీవాలకు మేత దొరకెను.

ఈ ఒప్పందము క్రమముగా సడలినది. సార్వా వెంటనే దాళ్వా నాటుట పెరిగినకొలది చేలు ఖాళీగా ఉండు నెలలు తగ్గినవి. సంచులలో రసాయనిక ఎరువులు వచ్చినవి. పశ్చిమగోదావరిలో అనేక గ్రామములందు వరిచేలు చేపల చెరువులైనవి. చెరువులో మంద కట్టజాలరు గదా! ఎగువ మెట్టలోను బీళ్ళు మిగులలేదు. బోరుబావులు పడినవి, ఆయిల్‌పామ్, జీడిమామిడి తోటలు లేచినవి, తోటల చుట్టును కంచెలు వెలసినవి. ఉన్నియు చేదోడు కాలేదు. దక్కను నల్లగొఱ్ఱెల ఉన్ని కత్తిరించి, ఇంటి ఆడువారు వడకి, గొంగళ్ళు నేయించెడివారు. మిల్లు దుప్పట్లు చౌకగా వచ్చుటతో ఆ ఉన్నికి ధర పోయినది. అంతట పెక్కుమంది ఉన్ని లేని నెల్లూరు జాతిని మాంసమునకై పెంచసాగిరి.

ఇచట ఒక వింత కలదు. మాంసపు ధర పెరిగినది. 2019 నాటి పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణ దేశమున ప్రథమస్థానమును, సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలతో ఆంధ్రప్రదేశ్ ద్వితీయస్థానమును పొందినవి. తెలంగాణ ప్రభుత్వము 2017లో గొల్లకురుమ కుటుంబములకు 75 శాతము రాయితీపై ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చు పథకమును ఆరంభించెను. మందకు విలువ హెచ్చినది. అయినను కాపరి కుమారుడు కఱ్ఱ పట్టనొల్లకున్నాడు. ఏల?

నేను ఉద్యోగమున ఉన్న కాలమున ఒక వేసవి ముందు, మా ఊరి చేలలో దిగిన మందతో వచ్చిన బాలుడొకడు కొన్నాళ్ళు ఆఱవ తరగతిలో కూర్చుండెను. అతనికి భిన్నములు రాలేదు, తరగతి నవ్వినది. నేనును ఆ నవ్వును వారింపలేదు. ఒకనాటి సాయంకాలము మందవద్దకు పోయితిని. చీకటి పడుచుండగా ఆ బాలుడు విడివడిన పిల్లలను ఒక్కొక్కటిగా ఎత్తి, తప్పక వాటి తల్లులవద్ద విడుచుచుండెను. నా కన్నులకు అన్ని గొఱ్ఱెలును ఒకే తీరున నుండెను. పరీక్షలవరకు వానిని ఉంచుమని తండ్రిని అడిగితిని. ఆయన, "పంతులుగారూ, బడి ఉన్నచోట మంద ఆగదండి. మేత ఉన్నచోటే ఆగుతుంది. వీడికి మాత్రం ఈ తిరుగుడు వద్దనే నా కోరికండి" అనెను. మూడవనాడు చేను ఖాళీగా నుండెను.

ఆ కోరిక తప్పు కాదు. వానలో గొంగడి క్రింద రాత్రులు గడపుట, చిటుకరోగమో నీలినాలుకయో సోకి ఏండ్ల కష్టము కన్నులయెదుట కూలుట, చేలవారి అదలింపులు పడుట ఎవరు కోరుదురు? కొందఱు పిల్లలను అవ్వతాతలవద్ద విడిచి బడికి పంపుచున్నారు. వలసపోవువారి పిల్లలకు సీజనల్ హాస్టళ్ళను నడుపు పద్ధతియు మన రాష్ట్రమున వచ్చినది. పదవ తరగతి తరువాత రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమా చదువు అవకాశము కలదు. మందలో పుట్టి పెరిగినవాడు ఆ చదువు చదివినచో, తాత నేర్పినదియు గ్రంథము నేర్పినదియు ఒక్కచోట కలియును.

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును పచ్చికబయళ్ళకు, పశుపాలకులకు అంతర్జాతీయ సంవత్సరముగా ప్రకటించినది. ఆ గౌరవము మన తరగతిగదిలోనే మొదలు కావలెను. కాపరి బిడ్డ వైద్యుడు కాగోరిన త్రోవ ఉండవలెను. కాపరిగానే ఉండగోరిన మేతభూమి ఉండవలెను. దిక్కులేక విడుచుట వేఱు, తెలిసి ఎన్నుకొనుట వేఱు. బాలబాలికలారా! మీ తరగతికి నడుమ వచ్చి నడుమ పోవు విద్యార్థి ఎవడైన తటస్థించినపుడు, అతడు తెలియని లెక్కను చూచి నవ్వకుడు. అతనికి తెలిసిన లెక్క యేదో అడుగుడు. నేను ఆనాడు అడుగకపోతిని.