రెండు గోల్స్ ఆధిక్యంలో ఉన్నా లేచి వెళ్లిపోయారు!

2016 ఫిబ్రవరి 6. లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ స్టేడియం. సండర్‌లాండ్ మీద సొంత జట్టు 2-0తో ముందుంది. మామూలుగా అయితే స్టాండ్స్‌లో పాటలు, ఈలలు, గోల. కానీ 77వ నిమిషం రాగానే జనం సీట్లలోంచి లేచారు. ఒకరో ఇద్దరో కాదు, దాదాపు పది వేల మంది. మెట్లు దిగి బయటికి నడిచారు. కోపం ఆటగాళ్ల మీద కాదు. వచ్చే సీజన్ నుంచి కొన్ని టికెట్లకు 77 పౌండ్ల ధర పెడతామని క్లబ్ ప్రకటించింది. 77 పౌండ్లకు 77వ నిమిషం. లెక్క సరిపోయింది!

వాళ్లు బయటికెళ్లాక ఏం జరిగిందో తెలుసా? సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి మ్యాచ్‌ని 2-2తో డ్రా చేసుకుంది. నాలుగు రోజులు తిరక్కుండానే క్లబ్ యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. మరుసటి నెలలో ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కూర్చుని, వేరే ఊరి నుంచి వచ్చే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని నిర్ణయించాయి.

బ్రిటన్‌లో ఫుట్‌బాల్ అభిమాని అంటే ఇదీ సంగతి. బయటి ప్రపంచానికి అతను బీరు తాగి కుర్చీలు విరగ్గొట్టే రౌడీలా కనిపిస్తాడు. అలాంటివాళ్లు లేరని కాదు. కానీ అసలు అభిమాని పబ్‌లో గ్లాసు ముందు పెట్టుకుని గంటలు గంటలు మాట్లాడేవాడు. రిఫరీ గుడ్డివాడని మొదలుపెట్టి, రాత్రి టీవీలో వచ్చిన కామెడీ మీదికి వెళ్లి, అక్కడి నుంచి ప్రధానమంత్రిని కడిగేసి, మళ్లీ ఆఫ్‌సైడ్ దగ్గరికి వస్తాడు. అతనికి ఈ మూడూ వేర్వేరు సబ్జెక్టులు కావు.

మూడింటికి టీవీ బంద్

మీరు శనివారం రాత్రి ఏడున్నరకో, చలికాలమైతే ఎనిమిదిన్నరకో ఫోన్‌లో ప్రీమియర్ లీగ్ పెట్టుకుంటారు కదా. అప్పుడు ఇంగ్లాండ్‌లో టైమ్ మధ్యాహ్నం మూడు. మీరు వరంగల్‌లో మంచం మీద పడుకుని చూసే ఆ మ్యాచ్ మాంచెస్టర్‌లో ఉన్నవాడి టీవీలో రాదు! శనివారం 2.45 నుంచి 5.15 వరకు అక్కడ ఫుట్‌బాల్ లైవ్ ఇవ్వకూడదు. బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్ బాబ్ లార్డ్ 1960లలో పట్టుబట్టి తెచ్చిన పద్ధతి ఇది. పెద్ద జట్ల ఆట ఇంట్లో కూర్చుంటే కనిపించేస్తే, చిన్న ఊళ్ల జట్ల మ్యాచ్‌కి ఎవడొస్తాడు అన్నది ఆయన వాదన.

దీని మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. ప్రపంచమంతా చూస్తోంది, మాకెందుకు ఈ శిక్ష అంటారు పెద్ద క్లబ్బుల వాళ్లు. మూడో, నాలుగో డివిజన్ జట్ల వాళ్లేమో, అది తీసేస్తే మా గ్రౌండ్‌కి తాళం పడుతుంది అంటారు. నన్నడిగితే రెండో మాటలోనే బలం ఎక్కువ. చిన్న క్లబ్బుకి గేటు దగ్గర వచ్చే డబ్బే ఊపిరి.

ఇక వీఏఆర్ గురించి కదిపారో, ఆ రోజుకి మీ పని అయిపోయినట్టే. 2019-20 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చిన ఈ వీడియో రిఫరీ మీద అభిమాని ఫిర్యాదు తప్పుడు నిర్ణయాల గురించి మాత్రమే కాదు. గోల్ పడగానే పక్కవాడిని కౌగిలించుకుని గెంతే ఆ రెండు సెకన్లను దోచుకుంది అంటాడు. ఇప్పుడు గోల్ పడ్డాక గెంతాలా, తెర మీద గీతలు గీసేదాకా ఆగాలా తెలియదు. 2024లో వుల్వ్స్ క్లబ్ దీన్ని ఎత్తేద్దామని ప్రతిపాదించింది. ఓటింగ్ పెడితే 19-1. వుల్వ్స్ ఒక్కటే ఒకవైపు, మిగతా క్లబ్బులన్నీ మరోవైపు!

స్కోరు చెప్పొద్దు ప్లీజ్

ఫోన్ లేని రోజుల్లో స్పాయిలర్ల బాధ లేదనుకుంటున్నారా? 1973లో బీబీసీలో వచ్చిన 'వాటెవర్ హ్యాపెన్డ్ టు ది లైక్లీ లాడ్స్' అనే కామెడీ సీరియల్‌లో ఒక ఎపిసోడ్ ఉంది. న్యూకాజిల్ కుర్రాళ్లు బాబ్, టెర్రీ. ఇంగ్లాండ్ మ్యాచ్ జరిగిపోయింది, హైలైట్స్ రాత్రికి టీవీలో వస్తాయి. అప్పటిదాకా స్కోరు చెవిన పడకుండా తిరగాలి. తెలిసిన మనిషి కనబడితే పారిపోవడం, పేపర్ కనబడితే మొహం తిప్పుకోవడం. స్కోరు చెప్పేస్తానని బెదిరిస్తూ వెంటపడే స్నేహితుడు ఒకడు. ఇంత కష్టపడి తీరా టీవీ ముందు కూర్చుంటే తెలిసేదేంటంటే, వాన వల్ల మ్యాచే జరగలేదు!

డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే రాసిన ఈ ఎపిసోడ్‌ని బ్రిటన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేసి, స్టేటస్‌లు చూడకుండా ఆఫీస్ నుంచి ఇంటికి పరిగెత్తే మీకు దీని బాధ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

వెక్కిరిస్తే హీరో అయిపోయాడు

అదే బీబీసీలో అంతకుముందే ఇంకో ఫుట్‌బాల్ అభిమాని పుట్టాడు. వాడు మాత్రం ఇంత అమాయకుడు కాదు. పేరు ఆల్ఫ్ గార్నెట్. 'టిల్ డెత్ అజ్ డూ పార్ట్' సీరియల్‌లో ప్రధాన పాత్ర. 1965లో మొదటి ప్రయోగం, మరుసటి ఏడాది నుంచి సీరియల్. తూర్పు లండన్ వాసి, వెస్ట్ హామ్ వీరాభిమాని. రాణిగారంటే ప్రాణం, ఓటు కన్జర్వేటివ్ పార్టీకి. వలస వచ్చినవాళ్లంటే, నల్లవాళ్లంటే ఒళ్లు మంట. ఇంట్లో రోజూ అల్లుడితో గొడవ. అల్లుడు లివర్‌పూల్ కుర్రాడు, పైగా లేబర్ పార్టీ. ఆట, మతం, రాజకీయం... దేని మీదైనా ఆల్ఫ్‌కి ఒక అభిప్రాయం ఉంటుంది, దాన్ని అరిచి మరీ చెబుతాడు.

రచయిత జానీ స్పైట్ ఉద్దేశం ఇలాంటి మనిషిని నవ్వులపాలు చేయడమే. ఆ పాత్ర వేసిన వారెన్ మిచెల్ నిజ జీవితంలో పూర్తిగా వ్యతిరేకం. యూదుడు, వామపక్షవాది, పైగా వెస్ట్ హామ్‌కి గిట్టని టోటెన్‌హామ్ అభిమాని! కానీ దేశంలో చాలామంది ఆల్ఫ్‌ని చూసి నవ్వలేదు, ఆల్ఫ్‌తో కలిసి నవ్వారు. "మన మనసులో మాట వీడు చెబుతున్నాడ్రా" అనుకున్నారు. అలాంటివాళ్లు ఎదురుపడి మెచ్చుకుంటే, మేం వెక్కిరిస్తున్నది మీలాంటివాళ్లనే అని మిచెల్ తిప్పికొట్టేవారట. చెప్పి లాభం? జోకు గురి తప్పింది. ఈ సీరియల్‌నే అమెరికావాళ్లు 1971లో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ'గా తీస్తే అక్కడా ఇదే చర్చ నడిచింది.

చిన్న పిట్టకథ. ఆ అల్లుడి పాత్ర వేసిన నటుడు టోనీ బూత్ కూతురు షెరీ, తర్వాత ఒక లాయర్‌ని పెళ్లి చేసుకుంది. ఆయన పేరు టోనీ బ్లెయిర్. అలా టీవీలో లేబర్ అల్లుడు, నిజంగానే లేబర్ ప్రధానికి మామ అయ్యాడు.

టీవీలో ఆల్ఫ్ అరుపులు నవ్వు తెప్పించేవేమో కానీ స్టాండ్స్‌లో అవే మాటలు వినిపిస్తే నవ్వు రాదు. 1978 నవంబరులో వివ్ ఆండర్సన్ ఇంగ్లాండ్ సీనియర్ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అయ్యాడు. ఆ కాలంలో ఇలాంటి ఆటగాళ్ల మీద అరటిపండ్లు విసిరేవాళ్లు. 1988లో లివర్‌పూల్ ఆటగాడు జాన్ బార్న్స్ మైదానంలో పడ్డ అరటిపండును మడమతో తన్ని ఆట కొనసాగించిన ఫొటో చాలా ప్రసిద్ధి.

అవన్నీ పాత రోజులు అనుకునేలోపే 2021 జులై 11 వచ్చింది. యూరో ఫైనల్లో ఇటలీ చేతిలో ఇంగ్లాండ్ పెనాల్టీల్లో ఓడింది. రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా గోల్ కొట్టలేకపోయారు. ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లే. ఆ రాత్రే వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు కోతి, అరటిపండు ఎమోజీలతో నిండిపోయాయి. మాంచెస్టర్‌లో రాష్‌ఫోర్డ్ బొమ్మ వేసిన గోడను పాడుచేశారు. అయితే మర్నాడు అదే గోడ దగ్గరికి చుట్టుపక్కల జనం, చిన్నపిల్లలు వచ్చి ఆ రాతలు కనిపించకుండా ఉత్తరాలు, జెండాలు, గుండె బొమ్మలు అంటించారు. వీళ్లూ ఫుట్‌బాల్ అభిమానులే, వాళ్లూ ఫుట్‌బాల్ అభిమానులే. పైగా ఈ రాష్‌ఫోర్డే అంతకుముందు ఏడాది పేదపిల్లలకు సెలవుల్లోనూ ఉచిత భోజనం ఇవ్వాలని పోరాడి, ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేశాడు. అప్పుడు అతనికి 22 ఏళ్లు.

ఆటలో రాజకీయాలెందుకు?

ఈ ప్రశ్న అక్కడా ఉంది. 2023 మార్చిలో బీబీసీ 'మ్యాచ్ ఆఫ్ ది డే' యాంకర్, మాజీ స్ట్రైకర్ గ్యారీ లినేకర్ ప్రభుత్వ శరణార్థుల విధానాన్ని, అందులో వాడిన భాషని తిడుతూ ట్వీట్ పెట్టాడు. బీబీసీ అతన్ని పక్కన పెట్టింది. దాంతో తోటి విశ్లేషకులు ఇయాన్ రైట్, అలన్ షియరర్ మేమూ రాం అన్నారు, కామెంటేటర్లూ తప్పుకున్నారు. ఆ శనివారం షో యాంకర్ లేకుండా, కామెంట్రీ లేకుండా 20 నిమిషాల్లో అయిపోయింది. తమాషా ఏంటంటే అంతకుముందు వారం కంటే ఎక్కువమంది చూశారు! కబుర్లు లేకపోతేనే హాయిగా ఉందని పబ్బుల్లో జోకులు పేలాయి.

ఆటని రాజకీయం నుంచి విడదీయడం లివర్‌పూల్‌లో మాత్రం ఎవరికీ సాధ్యం కాదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు నలిగి చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత 'ది సన్' పత్రిక తప్పంతా అభిమానులదే అన్నట్టు మొదటి పేజీలో రాసింది. ఆ ఊళ్లో చాలామంది ఈనాటికీ ఆ పేపర్ ముట్టరు. తాత ముట్టలేదు, మనవడూ ముట్టడు. 27 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక, 2016లో జ్యూరీ చెప్పింది: వాళ్లు అన్యాయంగా చంపబడ్డారు, అభిమానుల తప్పేమీ లేదు. అధికారులు నిజం దాచకుండా చూసేందుకు ఆ కుటుంబాలు అడిగిన చట్టం బిల్లు రూపంలో పార్లమెంటుకు వచ్చేసరికి 2025 సెప్టెంబరు అయింది.

కోపం వెంటనే ఫలించిన సందర్భమూ ఒకటుంది. 2021 ఏప్రిల్ 18న ఆరు పెద్ద ఇంగ్లిష్ క్లబ్బులు యూరోపియన్ సూపర్ లీగ్‌లో చేరుతున్నామని ప్రకటించాయి. ఓడినా కింది డివిజన్‌కి పోని, గెలవకపోయినా సీటు పోని లీగ్ అది. బద్ధశత్రువుల్లాంటి అభిమానులంతా ఒక్కటయ్యారు. రెండు రోజుల్లో చెల్సీ స్టేడియం ముందు రోడ్డు దిగ్బంధం. అదే రాత్రికి ఆరు క్లబ్బులూ జారుకున్నాయి. ఆ తర్వాత అభిమానుల మాటే ఆధారంగా సమీక్ష, చివరికి 2025 జులైలో ఫుట్‌బాల్ మీద ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టే చట్టం. ఇకపై యజమాని తనిష్టం వచ్చినట్టు క్లబ్ రంగులు, గుర్తు మార్చేస్తానంటే కుదరదు, అభిమానులను అడగాల్సిందే.

ఇలాంటి జనం ముందు నాయకులు నటిస్తే ఇట్టే దొరికిపోతారు. 2015 ఎన్నికల ప్రచారంలో డేవిడ్ కామెరూన్ అందరినీ వెస్ట్ హామ్‌కి మద్దతివ్వమన్నారు. అంతవరకు ఆయన చెప్పుకున్న జట్టు ఆస్టన్ విల్లా! రెండు జట్ల జెర్సీల రంగూ ఒకటే కావడం ఆయన ఖర్మ. జనం వారాల తరబడి ఆడుకున్నారు. ఎన్నికల్లో మాత్రం ఆయనే గెలిచారు. 1970లో హెరాల్డ్ విల్సన్‌కి ఆ అదృష్టం లేదు. జూన్ 14న వరల్డ్ కప్‌లో ఇంగ్లాండ్ 2-0 ఆధిక్యం నుంచి పశ్చిమ జర్మనీ చేతిలో 3-2తో ఓడింది. నాలుగు రోజులకు ఎన్నికలు. దాదాపు సర్వేలన్నీ ఆయనే గెలుస్తాడన్నాయి, ఓడిపోయాడు. ఫుట్‌బాల్ వల్లే ఓడాడా అంటే చరిత్రకారులు ఒప్పుకోరు. పబ్‌లో అడగండి, వెంటనే ఒప్పుకుంటారు.

కీర్ స్టార్మర్ విషయంలో ఆ అనుమానం లేదు. ఆయన ఏళ్ల తరబడి సీజన్ టికెట్ ఉన్న పక్కా ఆర్సెనల్ మనిషి. ప్రధాని అయ్యాక భద్రత పేరుతో మామూలు స్టాండ్ వదిలి బాక్సులోకి మారారు, అదీ ఉచితంగా. 2024లో దీని మీద పెద్ద రచ్చ జరిగింది. స్టాండ్‌లో కూర్చుంటే పోలీసు ఖర్చు ప్రజల మీదే పడుతుంది కదా అన్నది ఆయన సమాధానం. టోటెన్‌హామ్ అభిమానుల బాధ వేరేలెండి, వాళ్లకి ఆయన ఏ సీట్లో కూర్చున్నా అభ్యంతరమే.