పిల్లల కీళ్లవాతం: కాంటా చెప్పని సంగతి

కీళ్లవాతం మా ముసలోళ్ల సొత్తు అనుకుంటారు గానీ, కాదు పిల్లలూ. పదహారేళ్లలోపు పిల్లకో పిల్లాడికో కీలు వాచి, ఆరు వారాలు గడిచినా తగ్గకపోతే, వెతికితే వేరే కారణమేదీ దొరక్కపోతే, దాన్ని పిల్లల కీళ్లవాతం అంటారు డాక్టర్లు. చికున్‌గున్యాలో కూడా కీళ్లు పట్టేస్తాయి, కానీ పిల్లల్లో అది చాలావరకు కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది. ఇది అట్లా వదలదు. నెలలు, ఏళ్లు వెంటపడుతుంది.

మన బాన్సువాడ ఇళ్లలో ఇట్లాంటి పిల్లకు దవాఖాన కంటే ముందు దొరికేది ఏంటో తెలుసా? పథ్యం. "పప్పు వాతం, ఆలుగడ్డ వాతం, పెరుగు చలువ, గుడ్డు వేడి" అంటూ ఒక్కోటి కంచంలోంచి తీసేస్తారు. తీసేది మా తరం వాళ్లే, ఇంకెవరు! చివరికి మిగిలేది ఇంత అన్నం, ఇంత చారు. ఈ జబ్బులో పిల్లకు తిండి తగ్గించడమంటే జబ్బుకు సాయం పట్టడమే. ఎందుకో చెప్తా వినండి.

1897లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే కుర్ర డాక్టరు 22 మంది పిల్లల కీళ్లజబ్బు గురించి ఒక వ్యాసం రాశాడు. వాపులూ జ్వరాలూ రాస్తూ రాస్తూ ఇంకో సంగతి పట్టుకున్నాడు. బాగా చిన్నప్పుడే జబ్బు మొదలైన పిల్లలకు ఎదుగుదల ఆగిపోతున్నది. పన్నెండేళ్లు దాటిన బిడ్డను చూస్తే ఆరేడేళ్లే అనుకునేటట్టు ఉందట. ఈ జబ్బుకు ఇప్పుడు వాడే, ఎదుగుదలను తగ్గించగల స్టెరాయిడ్ మందులు అప్పటికి పుట్టనే లేదు. అంటే ఎదుగుదలను ఆపింది మందు కాదు, జబ్బే.

ఎట్లా ఆపుతుంది? వాచిన కీలులో చేరిన కణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 పేరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అది రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతుంది. ఆకలి చంపుతుంది, కండ కరిగిస్తుంది, ఎముకను పొడుగు పెరగనిచ్చే ఐజీఎఫ్-1 హార్మోనును తగ్గిస్తుంది. పిల్ల తిన్న ఆ నాలుగు ముద్దలు కూడా ఎదుగుదలకు పూర్తిగా అందవు. దాని మీద మన పథ్యం!

తిండి సరిగ్గా పోతున్నదా లేదా అన్నది కంచం దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. మణికట్టూ వేళ్లూ వాచిన పిల్ల జొన్నరొట్టె తినేటప్పుడు చూడండి. ఒంటిచేత్తో తుంచలేదు. రెండు చేతులా పట్టుకుని గుంజుతుంది, లేదంటే కూర పులుసులో వేసి నానేదాకా ఊరికే కూర్చుంటుంది. నమిలేటప్పుడు చెవి ముందర చెయ్యి ఆనించుకుంటున్నా, నోరు నిండుగా తెరవలేకపోతున్నా, దవడ కీలుకు కూడా జబ్బు వచ్చిందేమో చూపించాలి. అక్కడ ముదిరితే కింది దవడ ఎదగక గడ్డం వెనక్కి పోతుంది. ఇట్లాంటి పిల్లలు పల్లీలు, మక్కపేలాలు, మాంసం మెల్లమెల్లగా మానేస్తారు. నొప్పి అని చెప్పరు. "నాకొద్దు, ఇష్టం లేదు" అంటారు. ఇక పొద్దున లేచేసరికి కీళ్లు బిగుసుకుని ఉంటాయి, వదలడానికి ఒక్కోసారి గంటపైనే పడుతుంది. బడి టైముకు తయారవడమే గగనమైతే నాష్టా ఎక్కడ తింటది?

అంగన్‌వాడీలో టీచరమ్మ పిల్లలను నెలనెలా కాంటా మీద తూస్తుంది. జబ్బ చుట్టూ పెట్టి కొలిచే రంగుల టేపు కూడా ఉంటుంది. ఆర్నెల్లు నిండి ఐదేళ్లలోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, అక్కణ్నుంచి 12.5 దాకా పసుపు, ఆపైన పచ్చ. మామూలు పిల్లలకు ఇవి బాగా అక్కరకొస్తాయి. కీళ్లవాతం పిల్ల దగ్గర మాత్రం కాంటా మోసం చేస్తుంది. స్టెరాయిడ్ వాడే పిల్లకు ఆకలి పెరుగుతుంది, ఒంట్లో నీరూ కొవ్వూ చేరతాయి, ముఖం గుండ్రంగా అవుతుంది. "నా బిడ్డ బొద్దుగైంది" అని అమ్మమ్మ దిష్టి తీస్తుంది. కాంటా కూడా ఒకటి రెండు కిలోలు ఎక్కువే చూపిస్తుంది. ఆ బట్టల కింద తొడ కండ కరిగిపోయిందనీ, ఎత్తు ఆగిపోయిందనీ కాంటాకు తెలియదు. అందుకే పెద్ద దవాఖానల్లో జబ్బ వెనక చర్మాన్ని చిన్న పట్టకారుతో పట్టి కొవ్వు మందం కొలుస్తారు. జబ్బ చుట్టుకొలతలోంచి ఆ కొవ్వు లెక్కను తీసేస్తే మిగిలింది కండ ఎంతో తెలుస్తుంది.

మాటలో మాట. అంగళ్లలో కీళ్లనొప్పుల పొడి అని పేరూ ఊరూ లేని పొట్లాలు అమ్ముతుంటారు. రెండు రోజుల్లోనే నొప్పి మాయమైతే సంబరపడకండి, అట్లాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కొత్తేం కాదు. డాక్టరు రాసిన స్టెరాయిడ్‌కు ఒక లెక్క ఉంటుంది, ఎట్లా తగ్గించుకుంటూ రావాలో కూడా ఆయనే చెప్తాడు. పొట్లానికి లెక్కెక్కడిది?

మరి కాంటాను కాకపోతే దేన్ని నమ్మాలి? ఎత్తును. ఐదేళ్లు దాటి ఇంకా ఈడు రాని పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగుకు తగ్గితే డాక్టరు చెవిన వెయ్యాల్సిందే. దీనికి మిషన్లు అక్కర్లేదు. మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, గోడమీద పెన్సిల్ గీత, పక్కన తేదీ. మూడు నెలలకోసారి చాలు. పొద్దున కంటే సాయంత్రానికి మనమందరం ఒక సెంటీమీటరు దాకా పొట్టిగా అవుతాం, వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగిపోయి. అందుకని ఎప్పుడు కొలిచినా ఒకే వేళకు కొలవాలి.

మోకాలు పూర్తిగా చాపలేని పిల్లకు ఈ గీత తప్పు చెప్తుంది. అప్పుడు డాక్టర్లు మోచెయ్యి నుంచి మణికట్టు దాకా ముంజేతి ఎముకను కొలిచి అంచనా కడతారు. ఇంకో చిత్రం వినండి. చిన్న వయసులో ఒక్క మోకాలికే జబ్బు వస్తే ఆ కాలు పొట్టిగా కాదు, పొడుగ్గా అవుతుంది! వాపు వల్ల అక్కడికి రక్తం ఎక్కువ చేరి, ఎముక చివర పెరిగే భాగం తొందరపడుతుంది. కాబట్టి రెండు కాళ్లూ వేరువేరుగా కొలవాలి.

తిండిని కొలవడం ఇంకా కష్టం. "పిల్ల మంచిగ తింటదా?" అని అడిగితే ఏ తల్లయినా "మంచిగనే తింటది" అంటుంది. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిన చిన్న పరిశోధన అది, 1958లో మన హైదరాబాదుకు వచ్చింది. దాని కింద 1972లో పుట్టిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో వాళ్లు ఊరూరా తిరిగి నిన్నటి రోజంతా ఏం తిన్నారని అడిగేవాళ్లు. ఊరికే అడిగేవాళ్లు కాదు. కొలత గిన్నెలు ముందు పెట్టి "పప్పు ఈ గిన్నెడా, ఆ గిన్నెడా?" అనేవాళ్లు. మీరూ అంతే చెయ్యండి. మూడు రోజులు, అందులో ఒక ఆదివారం ఉండేటట్టు, పిల్ల కంచంలోకి పోయింది, కంచంలో మిగిలింది నోట్‌బుక్కులో రాసి దవాఖానకు పట్టుకెళ్లండి. బాన్సువాడ ఏరియా దవాఖానలో చూసి నిజామాబాద్‌కో, హైదరాబాద్‌లో నీలోఫర్‌కో నిమ్స్‌కో పంపినా ఆ నోట్‌బుక్కు వెంటే ఉండాలి.

రక్తపరీక్షలు కూడా ఈ జబ్బులో తిరకాసే. రక్తం తక్కువుందంటారు, ఇనుము నిల్వ చూపించే ఫెర్రిటిన్ మాత్రం నిండుగా ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 పుణ్యమా అని కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది ఇనుమును బయటికి రానివ్వదు. గోదాములో వడ్లున్నాయి, తాళంచెవి షావుకారు దగ్గరుంది, ఇంట్లో మాత్రం పస్తు. పైగా వాపు ఉంటే ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దానంతటదే తగ్గుతుంది. అందుకని వాపు ఎంతుందో చూపించే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ పక్కన పెట్టుకోకుండా ఈ అంకెలను చదవకూడదు.

ఇంతకీ ఏం పెట్టాలి? ఈ జబ్బుకని వేరే వంట లేదు. పప్పు, గుడ్డు, పెరుగు తిరిగి కంచంలోకి రావాలి. 100 గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాముల దగ్గరే, రాగుల్లో 340 పైన, నువ్వుల్లో వెయ్యి పైన. నమలలేని పిల్లకు రాగి అంబలి, మెత్తని నువ్వుల లడ్డూ. మన చేన్లలో సోయా పండుతుంది, మొత్తం కాంటా పెట్టి అమ్మేస్తాం, ఇంట్లోకి గుప్పెడు ఉంచుకోం. నాకైతే ఇది వింతే! ఎండ ఉంది కదా, విటమిన్-డి కి కొదవేముంది అనుకోకండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు చూస్తే అంతటి ఎండలో కూడా చాలామందిలో అది తక్కువే ఉంది.

వాపు అదుపులోకి వస్తే, ఈడొచ్చి ఎముకల పెరుగుదల ముగియకముందే వస్తే, ఆగిన ఎత్తు మళ్లీ పుంజుకుంటుంది. ఆ వాపును అదుపు చెయ్యడానికి ఎక్కువమందికి ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే, రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. దానితో పాటు ఫోలిక్ ఆమ్లం డాక్టరు చెప్పినట్టు. వేసుకున్న మర్నాడు కొందరు పిల్లలకు కడుపులో తిప్పుతుంది, ముద్ద దిగదు. డాక్టరును అడిగి దాన్ని శనివారం రాత్రికి మార్చుకుంటే తిప్పుడంతా ఆదివారంతో పోతుంది, బడి రోజుల్లో మధ్యాహ్నం గుడ్డు తప్పిపోదు.